తెరకెక్కని దరువు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

1981 పదో తరగతి బ్యాచ్ మిత్రులకు విడిగా నమస్కారం పెట్టక్కర్లేదు. పొద్దున్న టిఫిన్ల దగ్గరే ఒకరినొకరు తిట్టుకోవడం అయిపోయింది.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు సినిమా ఫీల్డులో ముప్పై ఏళ్లు ఉన్నారు కదా, ఓ ఇరవై నిమిషాలు సినిమా కబుర్లు చెప్పండి" అన్నారు. ఒప్పుకున్నాక భయం వేసింది. నా దగ్గర కబుర్లు లేవు. నేను వయొలిన్ వరసలో మూడో బెంచీ మనిషిని. 1987లో మద్రాసు వెళ్లాను, ఆ తర్వాత పరిశ్రమతోపాటు హైదరాబాదు వచ్చేశాను. హీరోలందర్నీ చూశాను గానీ, రికార్డింగ్ హాల్లో తెర మీదే చూశాను. అదే విలన్‌ని అదే గుద్దు పదకొండుసార్లు గుద్దుతుంటే పదకొండుసార్లూ వయొలిన్ వాయించాను. అందుకని నాకు బాగా తెలిసిన ఒక్క విషయం చెప్పి దిగిపోతాను. వాయించి, రికార్డు చేసి, డబ్బులిచ్చి, సినిమాలో మాత్రం వాడకుండా వదిలేసిన సంగీతం గురించి. అందులోనూ మన ఊరితో సంబంధం ఉన్న ఒక ముక్క గురించి. ఆ ముక్క విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పు ఎవరికి చేశానో ఆయన ఇవాళ ఇక్కడే ఉన్నాడు.

ముందు 1980కి వెళ్దాం. ఎన్టీ రామారావు గారి 'సూపర్‌మేన్' వచ్చింది. చక్రవర్తి గారి సంగీతం. మన ఊళ్లో ఆ బొమ్మ ఆడిన రోజుల్లో స్నానం చేసిన తువ్వాలు తువ్వాలుగా వాడిన మగపిల్లాడు లేడు. అందరి తువ్వాళ్లూ మెడకి ముడేసి వీపు మీదే. సత్యవరం వైపు వెళ్లే దార్లో కల్వర్టు మీంచి ఎగిరి మోకాలు పగలగొట్టుకున్నవాడు ఇవాళ మూడో వరసలో కూర్చున్నాడు, పెద్ద బట్టల వ్యాపారి, పేరు చెప్పను. మిగతావాళ్లు ఎగరడం చూశారు. నేను మాత్రం ఎగిరేటప్పుడు వెనకాల వచ్చే వయొలిన్ల గుంపు విన్నాను. ఇంతమంది ఒక్కసారే ఎలా వాయిస్తారని మా నాన్నని అడిగితే, "విజయనగరం పంపిస్తాను, అక్కడ అడుగు" అన్నారు. అలా సంగీత కళాశాలకి వెళ్లాను. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిచిన వరండాలో నేనూ నడిచాను. ఆ వరండా మహిమ నాకు అంటిందో లేదో గానీ, ఉద్యోగానికి సరిపడా వయొలిన్ మాత్రం వచ్చింది.

సినిమాకి నేపథ్య సంగీతం ఎలా చేస్తారో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. మా భాషలో దాన్ని రీ-రికార్డింగ్ అంటారు, ముద్దుగా ఆర్.ఆర్. నేను చేరినప్పుడు సినిమా ఫిల్ము మీద ఉండేది. ఒక రీలంటే వెయ్యి అడుగులు, పది పదకొండు నిమిషాలు. రీలు తెర మీద వేస్తారు. సంగీత దర్శకుడు చూస్తాడు. ఎక్కడ సంగీతం మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని గుర్తులు పెట్టుకుంటాడు. ఆ మధ్యలో వచ్చే ప్రతి ముక్కకీ ఒక నంబరు. మూడో రీల్లో రెండో ముక్క అయితే 3ఎం2. మనవాళ్లు దాన్ని బిట్ అంటారు, హాలీవుడ్ వాళ్లు క్యూ అంటారు. మనకి క్యూ అంటే రేషన్ షాపు గుర్తొస్తుంది కాబట్టి నేను బిట్ అనే అంటాను. సహాయకులు నొటేషన్ రాసి పంచుతారు. మళ్లీ రీలు వేస్తారు, మేం వాయిస్తాం. ఇప్పుడైతే చెవికి హెడ్‌ఫోన్ పెట్టి అందులో టిక్ టిక్‌మని క్లిక్ వినిపిస్తారు. ఆ టిక్కుని పట్టుకుని వాయించాలి. సగం తీగ వాయిద్యాలు బుడాపెస్ట్‌లోనో ప్రాగ్‌లోనో వాయించి పంపుతున్నారు. మా మూడో బెంచీ ఖాళీ అయింది అందుకే.

ఇలా తయారైన బిట్లలో కొన్ని సినిమాలో ఉండవు. కారణాలు చాలా మామూలువి. సీనే తీసేస్తారు, దాంతోపాటు బిట్టూ పోతుంది. సీను ఉంటుంది, కానీ రెండున్నర నిమిషాల సీను నిమిషం అవుతుంది. సంగీతాన్ని మధ్యలో కోస్తే కోసిన చోట తెలిసిపోతుంది. ఇంకోసారి దర్శకుడు చివరి మిక్సింగులో కూర్చుని, "ఇక్కడ ఏమీ వద్దు, నిశ్శబ్దం చాలు" అంటాడు. చాలాసార్లు ఆయన మాటే కరెక్టు. నాకు ఎంత కోపం వచ్చినా ఇది ఒప్పుకోవాలి.

సూపర్‌హీరో సినిమాలో ఈ బాధ పదింతలు. ఎందుకంటే సంగీతం కట్టేనాటికి అక్కడ సినిమా ఉండదు. పచ్చగుడ్డ ముందు తాడుకి వేలాడుతున్న మనిషి ఉంటాడు. ఆ మనిషి మబ్బుల్లో ఎగురుతున్నాడని మనం ఊహించుకుని వాయించాలి. గ్రాఫిక్స్ వచ్చేసరికి ఆ మబ్బు పెద్దదవుతుంది, ఎగరడం చిన్నదవుతుంది, మధ్యలో ఓ కొండ అదనంగా వస్తుంది. దానికి తోడు గాలి హోరు, ఇనుము చప్పుడు, అద్దాలు పగలడం. ఆ మోతలో ఫ్లూటు వాయించినవాడి గతి ఏమిటి చెప్పండి.

ఇంకొకటుంది, టెంప్ ట్రాక్ అంటారు. ఎడిటింగ్ చేసేటప్పుడు బోసిగా ఉంటుందని వేరే సినిమా సంగీతం ఏదో తాత్కాలికంగా పెట్టుకుంటారు. మూడు నెలలు దానితోనే చూస్తారు. ఆ తర్వాత మనం త్యాగరాజస్వామిని దింపుకొచ్చినా వాళ్ల చెవికి ఎక్కదు. అలవాటైన చెప్పు కదా. హాలీవుడ్‌లో 2004లో వచ్చిన 'స్పైడర్‌మేన్ 2'కి డానీ ఎల్ఫ్‌మన్ సంగీతం. ఆయనకీ దర్శకుడు శామ్ రైమీకీ మాట తేడా వచ్చి, కొన్ని ఘట్టాలకి క్రిస్టఫర్ యంగ్, జాన్ డెబ్నీ చేత వేరే సంగీతం చేయించారు. మూడో భాగానికి ఎల్ఫ్‌మన్ పనిచేయలేదు. 2017 'జస్టిస్ లీగ్'లో కథ ఇంకో రకం. టామ్ హోల్కెన్‌బోర్గ్ అనే ఆయన్ని తీసేసి ఇదే ఎల్ఫ్‌మన్‌ని పెట్టారు. 2021లో మొదటి దర్శకుడు తన సినిమాని తన పద్ధతిలో విడుదల చేసుకున్నప్పుడు హోల్కెన్‌బోర్గ్‌ని వెనక్కి పిలిచారు. ఆయన పాతది దులిపి ఇవ్వకుండా మళ్లీ మొదట్నించీ కట్టాడు. ఆల్బమ్ 54 ముక్కలు, నాలుగు గంటలకి కాస్త తక్కువ. అలాంటి అదృష్టం మాత్రం కోటికి ఒకడికి.

మన దగ్గర లేదా అంటే ఉంది. కమల్ హాసన్ గారి 'హే రామ్'కి మొదట సంగీతం మా వయొలిన్‌వాళ్లకి దేవుడులాంటి ఎల్. సుబ్రహ్మణ్యం గారు. తర్వాత ఇళయరాజా గారు వచ్చారు. అప్పటికే చిత్రీకరించేసిన పాటలకి, ఆ పెదాల కదలికకి సరిపోయేట్టు కొత్త బాణీలు కట్టారు ఇళయరాజా గారు. ఆ పనితనానికి దండం పెడతాను. కానీ పెట్టెలో ఉండిపోయిన ఆ మొదటి బాణీలు ఎలా ఉండేవో అని ఇప్పటికీ మనసు పీకుతుంది.

మరీ మన దగ్గరికి రండి. సాలూరు పక్కన శివరామపురం. సాలూరి రాజేశ్వరరావు గారి ఊరు. 1957 'మాయాబజార్'కి మొదట సంగీత దర్శకుడు ఆయనే. నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నారు. వెన్నెల్లో పడవ మీద పాట ఉంది చూశారూ, అది వాటిలో ఒకటి. వాటిని వాద్యాలతో తీర్చి, రికార్డు చేసి, మిగతాదంతా చేసింది ఘంటసాల గారు. టైటిల్స్‌లో పేరు ఘంటసాల గారిదే. ఆయన మాత్రం పరాయివాడా, విజయనగరంలో వారాలు చేసుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నవాడు. అంటే అటూ ఇటూ మన ప్రాంతమే. కొన్నిసార్లు సంగీతం మిగిలి పేరు పోతుంది. నేను చెప్పబోయే కథలో రెండూ పోయాయి.

దానికి ముందు ఇంకొక్క మనిషి గురించి చెప్పాలి. ఈయన కథ నాకు మద్రాసులో ఓ సెల్లో వాయించే ఆయన చెప్పాడు. అలెక్స్ నార్త్ అని అమెరికా సంగీత దర్శకుడు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాకి సుమారు 40 నిమిషాల సంగీతం రాసి రికార్డు చేశాడు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ దాన్ని మొత్తం పక్కనపెట్టి, టెంప్ ట్రాక్‌గా పెట్టుకున్న పాత రికార్డుల సంగీతమే ఉంచేశాడు. ఆ సంగతి నార్త్‌కి ఎవరూ చెప్పలేదు. న్యూయార్క్‌లో సినిమా చూడ్డానికి వెళ్లి కూర్చున్నాక ఆయనకి తెలిసింది. ఆయన 1991లో పోయాడు. 1993లో జెర్రీ గోల్డ్‌స్మిత్ అనే ఇంకో సంగీత దర్శకుడు, ఆయన స్నేహితుడే, ఆ నొటేషన్ తీసి లండన్‌లో ఆర్కెస్ట్రాతో వాయించి రికార్డుగా తెచ్చాడు. రాసినవాడు వినలేదు.

ఈ కథ విన్నప్పుడు నా రక్తం ఉడికింది. వాడకపోతే వాడకపోనీ, ముందు మనిషికి చెప్పాలా వద్దా? ఒక్క ఫోన్ కాల్ కదా అని ఆ సెల్లో ఆయనతో అరగంట వాదించాను. ఆయన నవ్వి, "నువ్వు చెప్పాల్సి వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు.

ఇప్పుడు మన ఊరి ముక్క.

హైదరాబాదులో ఒక సూపర్‌హీరో సినిమాకి నేను నొటేషన్, అరేంజ్‌మెంట్ పని చేశాను. సినిమా పేరు చెప్పను. సంవత్సరం కూడా చెప్పను, లెక్కకట్టి కనిపెట్టేస్తారు. హీరోకి తన బలం మొదటిసారి తెలిసే ఘట్టం. సంగీత దర్శకుడు కుర్రాడు, మంచివాడు. "అందరూ వాడే డ్రమ్ములు వద్దు సార్, మట్టిలోంచి వచ్చినట్టుండే దరువు కావాలి" అన్నాడు. నా నోట్లోంచి అనుకోకుండా వచ్చేసింది: "తప్పెటగుళ్లు విన్నావా?"

వినలేదు. మర్నాడే ఫోన్ చేశాను. ఎవరికి? ఏడో తరగతిలో నా పక్కన బెంచీ మీద కూర్చున్నవాడికి. ఎనిమిదితో బడి మానేసి ఆవుల వెనక వెళ్లిపోయాడు. నేను విజయనగరంలో సరళీస్వరాలు దిద్దుకుంటున్నప్పుడు వాడు జలుమూరు, పోలాకి, ముఖలింగం జాతర్లలో తప్పెట కట్టుకుని ఆడుతున్నాడు. ఇప్పుడు ఇరవై మంది దళానికి పెద్ద. అందరూ గురువు అంటారు. నేనూ ఈ ప్రసంగంలో గురువు అనే అంటాను, ఇంట్లో మాత్రం ఒరే అనుకుంటాం.

ఏడుగురు ఆమదాలవలసలో రైలెక్కి వచ్చారు. స్టూడియో చూసి బెదరలేదు, ఏసీకి బెదిరారు. గొడవ అక్కడ మొదలైంది. సౌండ్ ఇంజనీరు వాళ్లని కుర్చీల్లో కూర్చోమన్నాడు. తప్పెట రొమ్ముకి కట్టుకునే వాయిద్యం. గెంతుతూ, తిరుగుతూ, వంగుతూ వాయించేది. కూర్చుంటే ఏం వాయిస్తారు? సరే నిలబెట్టాం. కాళ్ల గజ్జెలు మైకులో పడుతున్నాయి, విప్పేయమన్నాడు. విప్పారు. విప్పగానే ఏడుగురూ ఏడు దారుల్లో పోయారు. ఎందుకంటే వాళ్లకి లయ చేతిలో లేదు, కాల్లో ఉంది. ఆ తర్వాత చెవుల్లో క్లిక్ పెట్టారు. గురువు రెండు నిమిషాలు విని హెడ్‌ఫోన్ తీసేసి నాతో అన్నాడు: "ఒరే, ఇదేట్రా, గడియారం. గడియారం ఎనకాల నాన్నడవాలా? నా ఎనకాల నడమను దాన్ని."

ఇంజనీరుకి కోపం వచ్చింది. నాకు మాత్రం బుర్ర తిరిగింది. నిజమే కదా అనిపించింది. తప్పెటగుళ్లలో దరువు ఒకే వేగంలో ఉండదు. నెమ్మదిగా మొదలై, ఆటతోపాటు పెరిగి, చివరికి మనిషి కనబడనంత జోరుకి వెళుతుంది. ఆ పెరగడమే దాని ప్రాణం. దాన్ని క్లిక్కుకి కట్టేస్తే అది డబ్బా చప్పుడు. అందుకని క్లిక్ తీసేశాం. గజ్జెలు కట్టించేశాం. నేల మీద తివాచీ తీయించేశాం. వాళ్లని వాళ్ల ఇష్టానికి వదిలేసి రికార్డు చేశాం. 2 నిమిషాల 40 సెకన్లు. ఒక్కటే టేకు. తర్వాత రెండు రాత్రులు నేను కూర్చుని, ప్రతి దెబ్బ ఎక్కడ పడిందో కొలిచి, దాన్ని బట్టి వయొలిన్లకి, హార్న్‌లకి నొటేషన్ రాశాను. ఆర్కెస్ట్రా మొత్తం తప్పెట వెనకాల నడిచింది. ముప్పై రెండేళ్ల నా ఉద్యోగంలో, వేల బిట్లు వాయించిన మనిషిని, ఇది బాగుందని నాకు నేను అనుకున్న బిట్ అదొక్కటి. దాని నంబరు 5ఎం2.

వాళ్లు ఊరికి వెళ్లారు. రైలు దిగేసరికే ఊరందరికీ తెలుసు.

మిక్సింగుకి వచ్చేసరికి ఆ ఘట్టం నిమిషం పది సెకన్లు అయింది. నెమ్మదిగా మొదలై పెరిగే దరువుని నిమిషానికి ఎలా కుదిస్తారు? మొదలు పెడితే జోరు లేదు, జోరు పెడితే మొదలు లేదు. పైగా బస్సు నలిగే చప్పుడు, తప్పెట రేకు చప్పుడు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. దర్శకుడు నాలుగుసార్లు విన్నాడు, నిజంగానే ప్రయత్నించాడు. చివరికి ఒక్క రాత్రిలో కోరస్ గొంతులు, కంప్యూటర్ డ్రమ్ములు పెట్టి కొత్త బిట్ చేసేశారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. తెల్లారి నాలుగింటికి బయటికి వచ్చి టీ తాగుతూ, గురువుకి ఫోన్ చేయాలి అనుకున్నాను. ఇంకా నిద్ర లేచి ఉండడు అనుకున్నాను. తొమ్మిదింటికి చేద్దామనుకున్నాను. తొమ్మిదింటికి వేరే సినిమా రికార్డింగ్. అలా విడుదలకి పన్నెండు రోజులుంది. పన్నెండు రోజులూ చేయలేదు.

మొదటి రోజు మొదటి ఆటకి వాళ్ల ఊరి నుంచి రెండు ట్రాక్టర్లలో నరసన్నపేట వచ్చారు. తప్పెటలు కూడా తెచ్చుకున్నారు, బొమ్మ వదిలాక హాలు ముందు ఆడదామని. వాటిని సైకిల్ స్టాండులో పెట్టి లోపలికి వెళ్లారు. ఆ ఘట్టం వచ్చింది, వెళ్లింది. ఇంటర్వెల్ తర్వాత వస్తుందేమో అనుకున్నారు. ఆఖర్న పేర్లు పడతాయి కదా, అందులోనైనా ఉంటుందని కూర్చున్నారు. మన హాళ్లలో ఆఖరి పేర్లు ఎవరు వేస్తారు? లైట్లు వేసేశారు. సైకిల్ స్టాండులో తప్పెటలు తీసుకుని, ఆడకుండా ట్రాక్టర్ ఎక్కారు. ఇదంతా నాకు చాలా తర్వాత ఆ దళంలో కుర్రాడొకడు చెప్పాడు.

ఆ సాయంత్రం గురువు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "ఒరే, మనం వాయించింది ఏ కాడ వస్తాదిరా? నాకు పట్టుబళ్లేదు" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. నేను ఏం చెప్పానో తెలుసా? "మిక్సింగులో అన్నిటితో కలిసిపోయిందిరా, జాగ్రత్తగా వింటే వెనకాల వినిపిస్తుంది" అన్నాను.

మర్నాడు వాడు మళ్లీ వెళ్లాడు. జాగ్రత్తగా వినడానికి. టిక్కెట్టు కొనుక్కుని, ఒక్కడూ. ఆ మర్నాడు మళ్లీ. మూడోసారి చూశాక ఫోన్ చేసి, "ఇన్నాన్రా. ఇనబడింది. బాగుంది" అన్నాడు.

ఆ ఫోన్ పెట్టేశాక నేను ఏమయ్యానో చెప్పడం ఇక్కడ అనవసరం.

చాలా ఏళ్లు మన ఊరు వచ్చినా వాడి ఊరివైపు వెళ్లలేదు. ఏదో పని, ఏదో పెళ్లి, రాత్రి బండి అని తప్పించుకున్నాను. ఈలోగా ఒక సంగతి జరిగింది. మద్రాసు సెల్లో ఆయన తన దగ్గరున్న ఒక పెట్టె నాకు వినిపించాడు. 1978 ఇంగ్లీషు 'సూపర్‌మేన్' సంగీతం, జాన్ విలియమ్స్‌ది, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. మొదట రెండు ఎల్పీలుగా వచ్చింది. 2000లో రెండు సీడీలుగా ఇంకా పూర్తిగా తెచ్చారు. 2008లో సూపర్‌మేన్ సినిమాల సంగీతమంతా ఎనిమిది సీడీల పెట్టెగా వేశారు. సినిమాలో వాడినవే కాదు, వాడనివి, మార్చి రాసినవి, వేరే టేకులు కూడా. ఒకే ఘట్టానికి ఆయన మొదట ఏమనుకున్నాడు, తర్వాత ఏం మార్చుకున్నాడు అని వింటుంటే, ఎంతటివాడైనా కొట్టివేతలు కొట్టివేతలే అనిపించింది. అందులో ఎగిరే ఘట్టంలో ప్రేమ గీతం ఉంది చూడండి. హీరోయిన్ పాడాలని మొదట అనుకున్నారు, చివరికి ఆ మాటల్ని వచనంలా చెప్పించారు. పాటగా మొరీన్ మెక్‌గవర్న్ అనే గాయని పాడింది వేరే రికార్డుగా వచ్చింది. సినిమాకి పనికిరానిది ఇంకెక్కడో వినబడింది.

వాళ్లు ఆ టేపులు దాచారు కాబట్టి ఇది సాధ్యమైంది. నేను మద్రాసులో వాయించిన చోట్ల చాలా టేపులు చెరిపి, మళ్లీ వాటి మీదే ఇంకో సినిమా రికార్డు చేసేవాళ్లు. టేపు ఖరీదు అలాంటిది. నా యవ్వనం అంతా ఒకదాని మీద ఒకటి చెరిపేసి ఉంటుంది.

5ఎం2 మాత్రం చెరగలేదు. రఫ్ మిక్స్ ఒకటి నా హార్డ్‌డిస్కులో ఉంది. స్వర్ణోత్సవానికి దాన్ని వినిపించమని మన కార్యదర్శి గారు అడిగారు. నాకూ ఆశే. కానీ కాగితం మీద అది నిర్మాతది. నేను రాసిన నొటేషన్‌తో సహా. 2012లో కాపీరైట్ చట్టం సవరించి, సినిమాలో చేర్చిన సంగీతాన్ని హాల్లో ఆట కాకుండా వేరేచోట వాడితే రాసినవాడికి రాయల్టీ హక్కు పోకుండా చేశారు, మంచిదే. కానీ సినిమాలో చేర్చని సంగీతం సంగతి? ఉత్తరం రాశాను, రెండుసార్లు. జవాబు రాలేదు. జవాబు రాకుండా బహిరంగంగా వేయకూడదు, వేయను. మా మనవడు 2024లో 'హనుమాన్' చూసొచ్చి, "తాతా, ఇందులో నువ్వు వాయించావా?" అని అడిగాడు. దానికి ముగ్గురు సంగీత దర్శకులు, కొత్త తరం వాళ్లు. నేను లేను నాయనా అన్నాను. "మరి నువ్వు వాయించిన సూపర్‌హీరో ఏది?" అన్నాడు. వాడికి మాత్రం ఇంట్లో, తలుపేసి, హెడ్‌ఫోన్లో ఒకసారి వినిపించాను. కేసు పెడితే వాడి మీద పెట్టుకోమనండి.

అది విన్న మర్నాడే వాడు అడిగిన ప్రశ్న: "ఈ డప్పు తాతకి వినిపించావా?"

కిందటి సంక్రాంతికి వెళ్లాను. గురువు కల్లంలో ఉన్నాడు. మంచం వాల్చాడు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. సినిమాలో లేదురా, ఎక్కడా లేదు, వెనకాల కూడా లేదు, నాకు ముందే తెలుసు, నీతో అబద్ధం చెప్పాను అని. వాడు బీడీ ముట్టించుకుని అన్నాడు: "నాకు తెల్దేట్రా? నా సెయ్యి నాకు తెల్దా? మూడుసార్లు ఎల్లింది ఇనబడతాదని కాదు. నువ్వు అబద్దం సెప్పవు కదా అని ఎల్లాను."

నా దగ్గర మాట లేదు. ఫోన్లో హెడ్‌ఫోన్ పెట్టి వాడి చెవికి తగిలించాను. 2 నిమిషాల 40 సెకన్లు. వయొలిన్లు వచ్చే చోట ఒక్కసారి నావైపు చూశాడు. అయిపోయాక తీసి ఇచ్చేసి, "ఎనకాల బాగానే నడిసినార్రా మీవోళ్లు" అన్నాడు. తర్వాత, ఆ రోజు వచ్చిన ఏడుగురిలో ఇద్దరు పోయారని చెప్పాడు. వాళ్లు వినలేదు. అది నా ఖాతాలో ఉంది, ఉంటుంది.

ఎనిమిదితో మానేసినవాడికి పూర్వ విద్యార్థుల సంఘంలో సభ్యత్వం ఉంటుందా అని నేను కార్యదర్శి గారిని అడిగాను. నిబంధనల పుస్తకం తిరగేసి, చదివినవాళ్లు అని ఉందే గానీ పాసైనవాళ్లు అని లేదన్నారు. వంద రూపాయలు కట్టాం, రసీదు ఇచ్చారు.

వయొలిన్ పెట్టె తెచ్చాను గానీ తెరవను. నేను రాసిన ముక్క నిర్మాతది. కానీ ఆ దరువు ఏ నిర్మాత కాగితంలోనూ లేదు. వాళ్ల తాతలనాటిది. గురువు, మిగిలిన నలుగురు, ఇద్దరు కొత్త కుర్రాళ్లు, అదిగో గుమ్మం దగ్గర గజ్జెలు కట్టుకుంటున్నారు. 2 నిమిషాల 40 సెకన్లకి ఆపమని నేను చెప్పలేదు.

మైకు అవతల పెట్టించండి, వాళ్లకి అక్కర్లేదు. ముందు వరసలో పిల్లలు కాస్త వెనక్కి జరగండమ్మా. వాళ్లు గెంతుతారు.